నైరుతి వాకిలి

చందానగర్‌లోని మా ఇంటి కింది వాటాను క్లినిక్‌గా మార్చాలనుకుంది మా అమ్మాయి. తను డాక్టరు. మా ఆయన పోయి అప్పటికి ఏడాదిన్నర. నేను పై వాటాలో ఉంటున్నాను, కింద తాళం వేసే ఉంది. "నీకిష్టమేనా అమ్మా?" అని అడిగితే, "కానీయ్" అన్నాను. ఇష్టమో కాదో నాకే తెలియలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు. కాగితం మీద గీస్తే నాకు అర్థం కాదని, అమ్మాయి సుద్దముక్కతో నేల మీదే గీయించింది. ఇక్కడ మందుల బీరువా, అక్కడ రోగులు కూర్చునే బల్లలు, లోపలి గదిలో పరీక్ష చేసే మంచం. మా ఆయన జబ్బుపడి పడుకున్నది ఆ గదిలోనే. గీతలు చూస్తూ నిలబడ్డాను. ఎక్కడా ఏమీ అనిపించలేదు.

ఆ గదిలోకి వెళ్లాలంటే ఇరుకు నడవా దాటి మలుపు తిరగాలి. మేస్త్రీ టేపు పెట్టి కొలిచి తల అడ్డంగా ఊపాడు.

"గీడ స్ట్రెచర్ తిరగదు డాక్టరమ్మా. పేషెంట్లను కిటికీలకెల్లి దించుతరా ఏంది?"

లోపలి గది గోడను వేళ్లతో తట్టి చూశాడు. "గల్లీలకు వాకిలి ఉండె గదా. ఎవరు మూసిండ్రు?"

"నేనే మూయించాను" అన్నాను.

ఆయనకు మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు వాస్తు సిద్ధాంతిగారిని పిలిపించాను. నైరుతిలో వాకిలి ఉంటే ఇంటి యజమానికి గండమన్నారు. ఆయన మంచం మీంచే నవ్వి, "గాలొచ్చేది అటునుంచేనే, ఉండనీ" అన్నారు. నేను వినలేదు. శుక్రవారం చూసుకుని ఇటుకలు పెట్టించేశాను.

నాలుగు నెలలకు రెండోసారి వచ్చింది. అంబులెన్సు వాళ్ల స్ట్రెచర్ మలుపు దగ్గర ఆగిపోయింది. అటు తిప్పారు, ఇటు తిప్పారు. చివరికి దుప్పట్లో మోసుకెళ్లారు. దుప్పటికి నీలం అంచు. ఏ మూల ఎవరు పట్టుకున్నారో ఇప్పటికీ చెప్పగలను. తీసుకురావడం ఆలస్యమైందని ఆసుపత్రిలో అన్నారు. ఎంత ఆలస్యమని నేను అడగలేదు. అమ్మాయీ చెప్పలేదు.

ఇప్పుడు అమ్మాయి నా మొహంలోకి చూడకుండా, "పోనీ సిద్ధాంతిగారినే ఇంకోసారి అడుగుదామా? నీ మనసులో ఉంటుందేమో" అంది.

"ఫికర్ చేయకుండ్రమ్మా, చిన్న పూజ చేసి తీద్దాం" అన్నాడు మేస్త్రీ.

"ఎవర్నీ అడగొద్దు. తెరిచెయ్యండి."

"ఎంత వెడల్పు పెట్టమంటరు?"

"మంచం పట్టాలి. మంచానికి అటొక మనిషి, ఇటొక మనిషి పట్టాలి."

గోడ మీద రెండు నిలువు గీతలు గీశాడు. సరిపోతుందా అని అమ్మాయిని అడిగాడు.

"ఇంకో జానెడు" అన్నాను.

అరచేత్తో ఒక గీత చెరిపి, పక్కకు జరిపి గీశాడు.