కోడలు ఎత్తిన రెండు వేళ్లు

సోమవారం, పొద్దున్న పదకొండు గంటల పది నిమిషాలు. డాక్టరమ్మ తల మీదుగా గోడ గడియారం కనిపిస్తోంది, నేను దాన్నే చూస్తున్నాను, అందుకే అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఆ నిమిషాన నా కోడలు పరాయివాళ్ల ముందు నా మాట కొట్టేసింది. నేను ఒకటి అన్నాను. అది రెండు వేళ్లు ఎత్తింది.

మాట కొట్టేసిన కోడల్ని మెచ్చుకుంటూ రాసే అత్తని మీరు చూసుండరు. ఇప్పుడు చూడండి.

మేం కలకత్తా కార్పొరేషన్ మనుషులం. మా మావగారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ చీపురు పట్టారు. ఆయన తరవాత మా ఆయన. మా ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. రిటైరయ్యేదాకా భవానీపూర్ సందులు ఊడ్చాను. నా కొడుకు ఇప్పుడు చెత్త లారీ మీద చేస్తున్నాడు. ఉండేది కార్పొరేషన్ క్వార్టర్లలోనే.

కోడల్ని సోంపేట వైపు నుంచి తెచ్చుకున్నాం. ఇంటర్ పాసైన పిల్ల. బెంగాలీ ముక్క రాదు. నాకేమో బెంగాలీ నోటికి బాగా వచ్చు గాని ఏ భాషలోనూ అక్షరం రాదు. జీతం పుస్తకంలో వేలిముద్ర వేసిన దాన్ని. వచ్చిన కొత్తలో అది నాతో ఒక ఒప్పందం చేసుకుంది. "అత్తా, నువ్వు నాకు బజారు మాటలు నేర్పు, నాను నీకు అచ్చరాలు నేర్పుతాను" అంది. మా వంటింట్లో నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ము ఒకటి ఉంటుంది. దాని మీద సుద్దముక్కతో రోజుకో అక్షరం రాసేది. నేను నీళ్లు ముంచుకున్నప్పుడల్లా దాన్ని పైకి అనాలి. మర్చిపోతే, "అదేటత్తా, నిన్నే కదా నేర్సుకున్నావు. వంకాయని బేగున్ అనాలని నాకు నేర్పినావు కదా? ఒక్కసారి సెప్తే గుర్తెట్టుకున్నాను" అని దెప్పేది. అత్తని అక్షరాలతో దెప్పే కోడలు మా క్వార్టర్లలో ఇంకొకత్తి లేదు.

ఇక్కడ ప్రతి పేటకీ ఒక క్లబ్బు ఉంటుంది. క్లబ్బు వాళ్లు ఏడాదికోసారి షామియానా వేసి, మైకు పెట్టి, రక్తదానం చేయిస్తారు. ఇచ్చినవాళ్లకి ఏదో ఒక బహుమతి. పెళ్లయిన ఏడాది కోడలు నాకు చెప్పకుండా వెళ్లి రక్తం ఇచ్చి, అన్నం వేడిగా ఉంచే డబ్బా ఒకటి పట్టుకొచ్చింది. కొన్నాళ్లకి క్లబ్బు దాదా, ఆ మేళా అంతా నడిపించే పెద్దమనిషి, కార్డు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. ఇక్కడ నా వయసు వాళ్లని మాషీ అంటారు, పిన్నీ అని. "మాషీ, మీ కోడలిది ఓ నెగెటివ్. వెతికినా దొరకని రక్తం. ఎవరికైనా అవసరమైతే వచ్చి మిమ్మల్నే అడుగుతాం" అన్నాడు. నేను ఆయనకి టీ ఇచ్చాను. కార్డు దేవుడి పటం వెనక పెట్టాం. ఆ రక్తం ఊరందరికీ పనికొస్తుందని తెలుసుకున్నాం గాని, దాని కడుపుకి దాంతో ఏదైనా సంబంధం ఉందేమో అని మాకు ఎవరికీ తోచలేదు. రక్తం సంగతి క్లబ్బుది, కడుపు సంగతి ఇంటిది అనుకున్నాం.

మరుసటేడు దానికి నెల తప్పింది. మూడో నెల నడుస్తుండగా తమ్ముడి పెళ్లికని పుట్టింటికి వెళ్లింది. అక్కడే కడుపు పోయింది. ఊళ్లో మందులిచ్చే ఆయన మాత్రలిచ్చాడు. పడుకుని లేచి, పెళ్లి చూసుకుని వచ్చేసింది.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. మూడో నెల్లో పోయిన దాన్ని కడుపు అనం. దానికి పేరు లేదు, పురుడు లేదు, మైల లేదు. ఎవరైనా అడిగితే, తరవాత నిలిచిందే మొదటిది. ముందు ఒకటి పోయిందని బయటపడితే పిల్లకి కడుపు నిలవదని పేరు పడిపోతుంది, ఆ పేరు ఇంక చెరగదు. మా అత్త అలాగే చెప్పింది, నేనూ అలాగే చెప్పాను. నా కొడుక్కి ముందు నాకు రెండు పోయాయి. ఈ కాగితం మీద రాసేదాకా వాటిని నేను ఎక్కడా చెప్పలేదు.

మళ్లీ కడుపొచ్చినప్పుడు నాలుగో నెల్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. దానికి బెంగాలీ అప్పటికి బజారు వరకే వచ్చు, కాబట్టి మాట్లాడేది నేనే. టికెట్టు రాయించుకుని లైన్లో నిలబడ్డాం. మా వెనకాలే ఎవరు తగలాలి? మా పక్క బ్లాకు వదిన, కడుపుతో ఉన్న వాళ్లమ్మాయిని తీసుకుని. ఈమె చెవిన పడిన మాట సాయంత్రం కుళాయి దగ్గరికి చేరకుండా ఉండదు.

మా వంతు వచ్చింది. డాక్టరమ్మ చిన్నదే, కళ్లజోడు, తలెత్తకుండా రాసుకుంటోంది.

"ప్రొథోమ్?" అంది. మొదటిదా అని.

"హ్యా, ప్రొథోమ్" అన్నాను నేను.

ఆ మాట కోడలికి తెలిసిపోయింది. ప్రథమ అనే కదా మనమూ అంటాం. బల్ల మీదకి వంగి, "కాదు దిది. దుయీ" అని రెండు వేళ్లు ఎత్తింది.

"ఓలే, నోర్ముయ్యే. ఎనకాల ఎవులున్నారో సూసినావా?" అన్నాను పళ్లు బిగబట్టి.

"సూసినానత్తా. నువ్వు సెప్పు."

"ఏటి సెప్పమంటావే?"

"ముందొకటి పోనాదని సెప్పు. నువ్వు సెప్పకపోతే నాను ఏళ్లతోనే సెప్తాను."

వెనకనుంచి వదిన, "ఏటొదినా, మీ కోడలు డాక్టరమ్మకి ఎక్కాలు నేర్పుతోందేటి?" అంది. ఆవిడ కూతురు కిసుక్కుమంది. తలుపు దగ్గర లైను చూసే ఆయా, "మాషీ, ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోండి, లైను ఆగిపోయింది" అని అరిచింది.

డాక్టరమ్మ మాత్రం కలం ఆపింది. తలెత్తి, నన్ను కాదు, దాన్ని చూసింది. "ఒకటా, రెండా? ఎవరో ఒకరు చెప్పండి" అంది.

దాని చెయ్యి ఇంకా దిగలేదు. రెండు వేళ్లూ అలాగే ఉన్నాయి.

"రెండు" అన్నాను.

డాక్టరమ్మ టికెట్టు మీద ఒకటి కొట్టేసి రెండు వేసింది. నాకు అప్పటికి అంకెలు వచ్చు. రక్తం ఏ గ్రూపో తెలుసా అని అడిగితే కోడలు సంచిలోంచి క్లబ్బు కార్డు తీసి ఇచ్చింది. దాన్ని చూసిన తరవాత ఆవిడ గొంతు మారింది. "పోయినప్పుడు ఇంజక్షన్ ఇచ్చారా?" అంది. ఏ ఇంజక్షన్ అన్నాను. మొదటి కడుపే అయితే, తల్లి రక్తం బిడ్డకి పడుతుందో లేదో చూసే పరీక్ష ఇంకో రెండు నెలలు ఆగి చూసేదాన్ని, ఇప్పుడు ఆగడానికి లేదు, ఇవాళే రక్తం తీయాలి అంది. నా కొడుకు రక్తం కూడా తెమ్మంది.

బస్సులో అడిగాను. "ఆ ఇంజక్షన్ గొడవ నీకు ముందే తెలుసా?"

"నాకేటీ తెలీదత్తా."

"మరెందుకే నా పరువు తీసినావు?"

కిటికీలోంచి బయటికి చూస్తూ, "అది కూడా నా బిడ్డే కదత్తా. ఉందా లేదా అని ఎదురుగుండా అడిగితే లేదని ఎలగ సెప్తాను?" అంది.

కండక్టరు వచ్చాడు. టికెట్లు తీసుకున్నాను.

రిపోర్టు చెడ్డగానే వచ్చింది. డాక్టరమ్మ నన్ను కూచోబెట్టి ఓపిగ్గా చెప్పింది. నాకు అర్థమైంది నా పని భాషలో చెప్తాను. చీపురు పట్టుకుని కొత్త సందులోకి మొదటి రోజు వెళితే కుక్కలు తెల్లబోయి చూస్తాయి, అంతలో మన పని అయిపోతుంది. రెండో రోజు వాసన గుర్తుపట్టి గుంపుగా మీద పడతాయి. కోడలి రక్తంలో లేనిది ఒకటి నా కొడుకు రక్తంలో ఉంది. తండ్రి పోలిక వచ్చిన బిడ్డ రక్తం చుక్క తల్లి రక్తంలో కలిస్తే, తల్లి ఒళ్లు దాన్ని కొత్త మనిషిగా గుర్తుపెట్టుకుంటుంది. తరవాతి బిడ్డ మీద పడుతుంది. ఆ ఇంజక్షన్ ఏం చేస్తుందంటే, కుక్కలు పసిగట్టకముందే ఆ వాసన తుడిచేస్తుంది. పసిగట్టాక వేసి లాభం లేదు. పెళ్లింట్లో పోయిన బిడ్డ దగ్గరే దాని ఒళ్లు పసిగట్టేసింది.

"అయితే ఈ బిడ్డ?" అన్నాను.

"కాపలా కాద్దాం. ముందే తెలిసింది కాబట్టి కాయగలం" అంది.

అప్పుడు నాకో ఆశ పుట్టింది. నావి రెండూ కూడా ఇందుకే పోయాయేమో, ఇన్నేళ్ల తరవాత కారణం దొరుకుతుందేమో అని నా రక్తం కూడా చూపించుకున్నాను. బి పాజిటివ్. మామూలు రక్తం. నావి ఎందుకు పోయాయో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ కాపలా మాటలు కాదు. పదిహేను రోజులకోసారి ఆసుపత్రి. ఒకసారి రక్తం, ఒకసారి స్కాను. బిడ్డ తలలో రక్తం ఎంత జోరుగా పారుతోందో చూస్తారు. బిడ్డకి రక్తం తగ్గితే జోరు పెరుగుతుందట. వైశాఖం ఎండలో, పొట్టేసుకుని, బస్సు కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్లేది. ఒక్కసారి కూడా మానలేదు. దాని బెంగాలీ ఆ లైన్లోనే బాగుపడింది. స్కాను గదిలో, "దిది, జోరు బాడ్లో?" అని తనే అడిగేది. జోరు పెరిగిందా అని. పెరగలేదంటే బయటికి వచ్చి నాకు బొటనవేలు చూపించి, మెట్ల మీద కూలబడి నీళ్లు తాగేది.

ఏడో నెల్లో వాళ్లమ్మ ఫోను చేసింది. గాజులు తొడిగించి పురిటికి పుట్టింటికి తీసుకెళ్లాలి, అది ఆచారం. నేనే ఏదో నచ్చజెబుదామని ఫోను అందుకోబోయాను. అది ఇవ్వలేదు. "అమ్మా, గాజులు అట్టుకుని నువ్వే రా. నాను రాను. ఇక్కడ లైన్లో నా వంతుంది" అంది. ఆవిడ గాజులు, గోంగూర పచ్చడి పట్టుకుని రైలెక్కి వచ్చేసింది. నీలం డ్రమ్ము పక్కనే పీట వేసి గాజులు తొడిగాం.

తొమ్మిదో నెల పడగానే జోరు పెరిగిందన్నారు. ఇంక లోపల ఉంచొద్దని నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల. పుట్టినప్పుడు పాలిపోయి ఉంది, సాయంత్రానికి పసుపు ముద్దలా అయిపోయింది. నీలం లైటు కింద పెట్టారు. చాలదు, రక్తం మార్చాలి, ఓ నెగెటివ్ కావాలి అన్నారు. తల్లిదే ఆ రక్తం, కాని కాన్పయిన మనిషి నుంచి ఎలా తీస్తారు? క్లబ్బు దాదాకి ఫోను చేశాను. ఎవరెవరికో చేశాడు. బడ్జ్ బడ్జ్‌లో ఆయిలు డిపోలో పనిచేసే ఒకాయన లోకల్ రైలు పట్టుకుని, డ్యూటీ చొక్కాతోనే వచ్చి ఇచ్చాడు. ఏటిచ్చుకోగలం బాబూ అంటే, "మాషీ, ఒక టీ ఇప్పించండి చాలు" అన్నాడు. టీతో పాటు సింగాడా, అదే మన సమోసా, కూడా పెట్టించాను.

పిల్ల బతికింది. ఇప్పుడు డ్రమ్ము పట్టుకుని లేచి నిలబడుతోంది. నేను రాసుకున్న అక్షరాలు చేత్తో చెరిపేస్తోంది, మళ్లీ రాసుకుంటున్నాను.

నేను అనుకున్నట్టే వదిన ఆ సోమవారం సాయంత్రమే కుళాయి దగ్గర చాటేసింది. నవ్వుతారనుకున్నాను. కొందరు నవ్వారు కూడా. ఆ తరవాత ఒక్కొక్కత్తే కోడలి దగ్గరికి వచ్చి, తలుపు దగ్గరేసి, "నాకూ ఒకటి పోనాదే, సెప్పమంటావా డాక్టరమ్మకి?" అని అడగడం మొదలెట్టారు. అందరికీ అది ఒకటే చెప్పేది. "సెప్పక్కా. నీది కాదేటి?" అని. వదిన కూతురు కూడా వచ్చింది.

ఈ పిల్ల పెద్దదై, నువ్వు మొదటిదానివని ఎవరైనా అంటే నమ్మేస్తుంది. అందుకని రాసిపెడుతున్నాను. ఆ సోమవారం పదకొండు గంటల పది నిమిషాలకి ఆ గదిలో ఉన్నవాళ్లు వీళ్లు. రక్తమిచ్చిన ఆయన ఆ రోజు లేడు, ఆయన్ని ఇందులో కలపను. కళ్లజోడు డాక్టరమ్మ. తలుపు దగ్గర ఆయా. పక్క బ్లాకు వదిన. ఆవిడ కూతురు, దాని కడుపులో ఉన్నది. నేను. నావి రెండు. నా కోడలు. దాని కడుపులో ఈ పిల్ల. ఈ పిల్ల కన్నా ముందు పుట్టాల్సిన దీని అక్కో, అన్నో.