ఆదివారం బడి కాడ ఆగిన బేగం

మొన్న ప్రొద్దుటూరు నాలుగు రోడ్ల కూడలిలో నేనెక్కిన ఆటో సిమెంటు లారీ వెనక అరగంట ఇరుక్కుపోయింది. పక్కనే దొరల కాలం నాటి రాతికట్ట, దానికో తుప్పుపట్టిన ఇనుప కడియం. "అదేంది మామా?" అన్నాడు మా వీధివాడే అయిన డ్రైవరు. గుర్రాలను కట్టేదన్నాను. ఏటా ఉగాది దాటిన ఆదివారం ఆ కూడలి నుంచే జట్కాల పందెం మొదలయ్యేది. అందులో మా బేగం గెలిచిందని, దాని తోక తగిలి లారీ అద్దం పగిలిందని ముప్పై ఏళ్లుగా ఊరందరికీ చెబుతూ వచ్చాను. మొన్నటి ఎండకు మాత్రం అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది.

బేగం మా వీధి సాయిబు మామ గుర్రం. పందెం గెలిచిన జట్కాకు స్టాండులో ఏడాదంతా మొదటి చోటు. అప్పుడప్పుడే ఆటోలు దిగుతున్నాయి; ముందు నిలబడ్డ బండికే బేరం. "ఈతూరి ఓడితే దీన్ని అమ్ముకునేదే" అన్నాడు మామ. బండిలో ఇద్దరు కూర్చుని తీరాలి, మధ్యలో ఎవరు దిగినా ఓడినట్టే. డిగ్రీ తప్పి ఖాళీగా తిరుగుతున్న నన్నూ, టీచరుగా రోజూ అదే బండిలో బడికి పోయే మా మేనత్తనూ ఎక్కించుకున్నాడు. అత్త బక్కమనిషి, పైగా గుర్రానికి అలవాటైన మనిషి అని ఆయన ధీమా.

ఊరు చుట్టి కూడలికి తిరిగొచ్చేటప్పుడు మేమే ముందు. అంతలో ఆడపిల్లల బడి వచ్చింది. అత్త రోజూ దిగే గేటు ముందు బేగం టక్కున ఆగిపోయింది.

"ఈపొద్దు ఆదివారమే తల్లీ, పద!" అని అత్త బతిమాలింది. అది చెవి కూడా కదపలేదు.

వెనక బండివాడు మమ్మల్ని దాటిపోతూ, "ఏమప్పా, బెల్లు కొట్టినారా?" అని అరిచాడు.

మామ కొరడా పక్కన పెట్టేశాడు. "నువ్వు దిగితే ఓడిపోతాం, దిగకపోతే ఇది కదల్దు. ఏం జేచ్చాం టీచరమ్మా?"

చివరి బండి కూడా దాటిపోయాక అత్త మెల్లగా దిగింది. బేగం వెంటనే కదిలింది.

ఆ నెలలోనే బేగాన్ని ఎర్రగుంట్ల మనిషెవరికో అమ్మి మామ కువైట్ పోయాడు. అత్త మాత్రం ఆటోవాళ్లు ఎంత పిలిచినా ఎక్కకుండా, రిటైరయ్యేదాకా బడికి నడిచే పోయింది.

అంతా విని డ్రైవరు నవ్వాడు. "ఊరికే చెప్తాండావులే మామా! పందెంలో గుర్రం బడి కాడ ఆగేదేంది? మా నాయనకు నువ్వు చెప్పిన లారీ అద్దం కతే నమ్మేట్టుండాది."

లారీ కదిలింది. బడి ఉన్న చోట ఇప్పుడు నగల దుకాణం. ఆటో దాని ముందు నుంచి సర్రున పోయింది. పొమ్మని బతిమాలినా ఆగింది ఆ బేగం ఒక్కతే. ఆ తర్వాత ఆగమని నేనెంత బతిమాలినా ఏదీ ఆగలేదు.