సరంగు సంగతి అడిగింది నేనే

నవల మళ్లీ అచ్చయిందని తెలిసి ఖమ్మం దాకా వెళ్లి మరీ కొన్నాను. అందులోని సరంగు ఎలాంటి మనిషో ఇన్నేళ్లలో ఒక్క పాఠకుడూ తనను అడగలేదని రచయిత ముందుమాటలో వాపోయారు. నేను మూడు ఉత్తరాలు రాశాను. మూడింటిలోనూ నా చిరునామా రాసిన కార్డు పెట్టాను. ఒక్కటీ తిరిగి రాలేదు. ఎవరూ అడగలేదట!

రెండువేల తర్వాతి తొలి ఏళ్లలో అది వారపత్రికలో సీరియల్‌గా వచ్చేది. అప్పుడు నేను దుమ్ముగూడెం దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో తెలుగు పంతులుని. భద్రాచలం బస్సులో వచ్చే ఒక్క ప్రతినే అక్కడ పనిచేసే మేం ఆరుగురం వంతులవారీగా చదివి, తోచింది పక్క ఖాళీలో పెన్సిలుతో రాసి తర్వాతివారికి అందించేవాళ్లం. ఆ రోజుల్లో ఆ రాతల కోసం ఎదురుచూడటమే ఒక సంబరం.

కథలో సరంగు రేవు పడవ నడిపేవాడు. పొడుగాటి జుట్టు ముడిచి సంపెంగ పెట్టుకునేవాడు, ఎవరి ముందూ స్నానానికి దిగేవాడు కాడు, వచ్చిన సంబంధాలన్నీ కాదనేవాడు. అవతలి గట్టు కమ్మరి ఎక్కిన రోజు మాత్రం పడవ నెమ్మదిగా నడిపేవాడు. సైన్సు చెప్పే అక్క, మగవేషంలో ఉన్న ఆడమనిషేనని రాసింది. ఎవరో పిల్ల మోసం చేసి ఉంటుందని వార్డెనన్న రాశాడు. పడవ నెమ్మదించిన చోట నేను, ‘ఇతనికి కమ్మరంటే ప్రేమ. నాలాంటివాడే’ అని రాశాను. చెరిపేద్దామనుకునేలోపు పత్రిక చేయి మారింది.

ఆ సాయంత్రమే గోదావరి రోడ్డెక్కింది. పిల్లల్ని ముందురోజే ఇళ్లకు పంపేశాం గానీ మేం ఆరుగురం అయిదు రోజులు మేడగదిలో చిక్కుకుపోయాం. కిందికి దిగుదామంటే మెట్ల సగందాకా నీళ్లు, గదిలో ఉందామంటే మధ్యలో ఆ పత్రిక.

“ఏంది సారూ, సరంగు నీలాంటోడా? మరి నీ కమ్మరి యాడున్నడు?” అన్నాడు వార్డెనన్న, అన్నం ముందు కూర్చుని. అందరూ నవ్వారు.

“ఊకో అన్నా, తిననీయ్ ఆయన్ని” అంది అక్క. కానీ ఆమె కళ్లూ నా జవాబు కోసమే చూస్తున్నాయి.

అవ్ అంటే సరిపోయేది. “పెండ్లి కాలేదని రాసిన, గంతే” అన్నాను.

“గట్లయితే జల్దీ చేద్దాం తియ్. మా దిక్కు మంచి పిల్లున్నది.”

అన్నంత పనీ చేశాడు. ఏడాది తిరక్కుండానే తిరుమలాయపాలెం దగ్గరి సంబంధం ఖాయమై నా పెళ్లయింది. నా భార్య మంచిది. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు, ఉంటే ఆమెకే నా మీద ఉండాలి. ఆ నవ్వు విషయంలో మాత్రం నేను ఎవరినీ క్షమించలేదు. మొదటి ఉత్తరం ఆ మేడగదిలోనే రాశాను. నాకు కావలసింది ఒక్కటే, నేను సరిగ్గా చదివానా, లేక ఒంటరితనం కొద్దీ నాలాంటివాణ్ని కల్పించుకున్నానా అన్నది.

ఇప్పుడు ఆ పత్రిక లేదు, ఆ రేవులో పడవా లేదు. మొన్న కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి ఈ నవల చదివి, “ఆయనకు కమ్మరంటే ఇష్టం గదా నాన్నా, గిండ్ల అడిగేదేముంది?” అని కంచంలో మరికాస్త పెరుగు వేసుకుంది. ఎవరూ నవ్వలేదు. అంత తేలికైన మాటను నేను ఇరవై ఏళ్లుగా గొంతులోనే మోస్తున్నాను.

అయినా రాసింది ఆమె కాదు, మీరు. అయ్యా, నాలుగో ఉత్తరం, కార్డుతో సహా, ఈ రోజే పోస్టు చేశాను. అవునో కాదో, ఈసారైనా జవాబివ్వండి.