మూల నుంచి పాకిన పసుపు రంగు

2023 వానాకాలం. జహీరాబాద్‌లో సోలార్ టెక్నీషియన్‌గా అప్పటికి చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మామూలు ప్యానెల్‌లో ఎండను కరెంటుగా మార్చేది సిలికాన్. ఆ ఏడు ఒక కొత్త కంపెనీ, పెరోవ్‌స్కైట్ అనే మరో పదార్థంతో చేసిన ప్యానెళ్లను పల్లెల్లో పరీక్షించి చూసే పని నాకప్పగించింది. పెరోవ్‌స్కైట్‌ను గాజు మీద పల్చని పూతలా వేస్తారు. తయారీ సులువే, కానీ తేమ తగిలితే పాడవుతుంది. అందుకని రెండు గాజు పలకల మధ్య ఉంచి, అంచుల చుట్టూ ఎడ్జ్ సీల్ అనే జిగురు పట్టీ వేస్తారు.

ఝరాసంగం దగ్గర ఒక ఊళ్లో మాణెమ్మ ఇంటి డాబా మీద నాలుగు ప్యానెళ్లు బిగించాను. ఆమెకు యాభై దాటాయి. జొన్న, కంది పండించుకుంటూ, రెండు బర్రెలను సాకుతూ ఒక్కతే ఉంటుంది. బిగించిన రోజు, కొత్త బండికి పెట్టినట్టు, ప్యానెళ్ల మూలలకు పసుపు రాసి బొట్టు పెట్టింది. పని పూర్తయినట్టు చూపడానికి నేను తీసి కంపెనీకి పంపిన ఫొటోలో అది కూడా పడింది. వాటి మీద ఏమీ ఆరబెట్టవద్దని గట్టిగా చెప్పి వచ్చాను.

డేటా లాగర్ అనే చిన్న పెట్టె ఏ ప్యానెల్ ఎంత కరెంటు ఇస్తోందో నా ఫోన్‌కు పంపుతుంది. శ్రావణంలో ఒక ప్యానెల్ అంకె రోజురోజుకూ పడిపోసాగింది. ఫోన్ చేస్తే, దాని మూల పసుపుగా మారుతోందని మాణెమ్మ చెప్పింది. నేను నమ్మలేదు. శుక్రవారాలు మళ్లీ పసుపు రాస్తోందని, వాన తెరిపిచ్చినప్పుడల్లా దాని మీద పప్పో బట్టలో ఆరేస్తోందని అనుకున్నాను.

చెప్పకుండా వెళ్లి పట్టుకోవాలనుకున్నాను. నా బండి చప్పుడు ఆమెకు తెలుసు కాబట్టి షేర్ ఆటోలో వెళ్లి, ఊరి మొదట్లోనే దిగి నడిచాను. బర్రెల ముందు నీళ్ల బకెట్ పెడుతున్న మాణెమ్మ, ఫోన్ చెయ్యకుండా వచ్చావేమని అడిగింది. ఇటు పని మీద వచ్చానని అబద్ధం చెప్పాను. ఆమె నా చెప్పుల బురద చూసి, బండి కోసం వాకిట్లోకి చూసి, నా వెంట డాబా ఎక్కింది.

డాబా మీద ఆరేసినవేవీ లేవు. ముదురు గోధుమరంగు ప్యానెల్ ఒక మూల మాత్రం అరచెయ్యంత మేర పసుపుగా ఉంది.

"మల్ల పసుపు పెట్టినవా అక్కా?" అన్నాను.

"పెట్టింది ఒక్కనాడే. ఇన్ని వానలు పడినంక గది ఉంటదా సారూ? నువ్వే తుడిచి చూడు."

తడిగుడ్డతో రుద్దాను. పోలేదు. గోటితో గీకితే గోరు గాజు మీద జారింది. రంగు లోపల ఉంది. అంచు తడిమితే ఎడ్జ్ సీల్ ఒకచోట విడి ఉంది. తేమ దూరితే పెరోవ్‌స్కైట్ పాడై, సీసం అనే విషలోహం కలిసిన పసుపు పదార్థం మిగులుతుందని ట్రైనింగ్‌లో చెప్పారు. డాబా మీది వాననీళ్లు పైపు గుండా కింది డ్రమ్ములోకి పోతున్నాయి. బర్రెలు తాగుతున్నది ఆ నీళ్లే. నా చూపు ఎటు పోయిందో మాణెమ్మ కనిపెట్టింది.

"అందుల ఏమున్నది?"

"సీసం ఉంటది. జరంత."

"నీకు ముందుగాలనే ఎర్కేనా?"

"ఎర్కే," అన్నాను.

ఆమె కిందికి దిగి, బర్రెల ముందున్న బకెట్ లాగి ఒంపేసింది.

కంపెనీ ఆఫీసరుకు ఫోన్ చేశాను. వాడకంలో తప్పు జరిగిందని రిపోర్టు రాయమన్నాడు. మొదటి రోజు ఫొటోలో పసుపు కనిపిస్తోంది కదా, అదే ఆధారం అన్నాడు. సీల్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అంతకుముందు మాణెమ్మ మీదున్న నా అనుమానం అతని మీదికి మళ్లింది. విడిన సీల్ ఫొటో జతచేసి, చూసింది చూసినట్టు రాసి పంపాను. డ్రమ్ము నీళ్లు సీసాలో పట్టి, కంపెనీకి ఇవ్వకుండా నేనే సంగారెడ్డి తీసుకెళ్లి పరీక్షకిచ్చాను. ఫలితం వచ్చేదాకా ఆమె బర్రెలకు ఊరి బోరు నుంచి బిందెలతో నీళ్లు మోసింది.

నీళ్లలో సీసం లేదని వచ్చింది. తేమ లోపలికి పోయింది కానీ, లోపలిది ఇంకా బయటికి రాలేదు. ఆ కాగితం తీసుకెళ్లి చదివి వినిపించాను.

"కంపెనోళ్లు రాసిచ్చిన్రా?" అంది.

కాదని, నేనే చేయించానని చెప్పాను.

"నువ్వు గూడ కంపెనోనివే గద సారూ."

నాలుగు ప్యానెళ్లూ విప్పి కిందికి దించాను. సిలికాన్‌వి బిగిస్తానంటే కూడా ఆమె ఒప్పుకోలేదు. ఆ కంపెనీ నాకు మళ్లీ పని ఇవ్వలేదు.

కొత్త పదార్థాలు చెడ్డవని నేననను. పెరోవ్‌స్కైట్ తేమకు తట్టుకునే రోజు వస్తుందనే నా నమ్మకం. కానీ ఆమెను దొంగచాటుగా పట్టుకోవడానికి పడిన శ్రమలో సగం, లోపల ఏముందో ముందే చెప్పడానికి పడలేదు. ఇప్పుడు ఎవరింటి మెట్టు ఎక్కేముందైనా ప్యానెల్ ఏ కంపెనీదైనా దేనితో చేశారో, పగిలితే ఏమవుతుందో చెబుతాను. విని వద్దనేవాళ్లూ ఉన్నారు. పోయిన నెల కోహీర్‌లో ఒకాయన అంతా విని వద్దన్నాడు. ప్యానెళ్లు దించకుండానే ఆటో వెనక్కి తిప్పించాను.