మట్టక్క చేసిన ఎనిమిది తలల పాము

వాష్‌బేసిన్ల ఫ్యాక్టరీలో, అచ్చుల్లోంచి తీసిన పచ్చి బేసిన్లను తడి స్పాంజితో నున్నగా చేయడం ఆమె పని. అందరూ మట్టక్క అనేవారు. కొత్త బట్టీ బిగించడానికి జపాను నుంచి వచ్చిన ఇంజినీరు ఒకసారి భోజనాల వేళ తమ పాతకథ ఒకటి చెప్పాడు. ఎనిమిది తలల పాము ఏటా ఒకే ఇంటికి వచ్చి ఒక్కో కూతుర్ని మింగిపోయేదట. ఆఖరి పిల్ల మిగిలినప్పుడు ఒక దేవుడు వచ్చి ఎనిమిది తొట్లనిండా సారా పోయించాడట. పాము తాగి ఒళ్లు మరిచి పడిపోయాక ముక్కలు ముక్కలుగా నరికాడట.

"అన్నేళ్లూ ఆ తల్లిదండ్రులు ఏం చేస్తున్నారండీ?" అని అడిగింది మట్టక్క.

దుబాసీ ఆ ప్రశ్న ఆయనకు చెప్పి, జవాబు తెచ్చాడు. "ఏడుస్తున్నారట."

ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. తరవాత ఉద్యోగం మానేసి, సొంత షెడ్డులో బొమ్మలు చేసుకునే రోజుల్లో ఒక ప్రదర్శన కోసం ఆ పామునే మట్టితో చేయడానికి పూనుకుంది. దేవుడు లేడు, పిల్ల లేదు. తాగి నేలకు వాలిన తలలే. ఒక్కో మెడ మనిషి తొడంత లావు.

అవి ఆరుతుండగా ఒక పొద్దున చెల్లెలు పరుగెత్తుకుంటూ వచ్చింది. చెవితమ్మె చీలి, మెడ దాకా నెత్తురు కారింది.

"వాడు వెనకే వస్తున్నాడక్కా. చంపేస్తాడు."

షెడ్డుకు ఉన్నది ఒకటే దారి. మట్టక్క ఆమెను చల్లారి ఉన్న గ్యాస్ బట్టీలోకి తోసి, తలుపు దగ్గరగా వేసింది.

చెల్లెలి మొగుడైన మరిది లారీ డ్రైవరు. చక్రాల బోల్టులు విప్పే ఇనుప రాడ్డుతో లోపలికొచ్చాడు.

"వదినా, అదెక్కడ?"

"ఇక్కడికి రాలేదు."

అతను పాము తల మీద ఒక్కటిచ్చాడు. కాల్చని మట్టి పెళ్లలుగా రాలింది. "ఎక్కడ?" ఇంకో తల పోయింది. మరొకటి. నెలల తరబడి చేసిన పని కళ్లముందే పిండవుతుంటే మట్టక్క పళ్లు బిగించి నిలబడింది. పోతే పోయింది, మట్టేగా అనుకుంది. షెడ్డంతా దుమ్ము లేచింది. బట్టీలోంచి దగ్గు వినిపించింది.

"ఓహో! పొయ్యిలో దాక్కుందా మహారాణి?" మరిది ఒక్క అంగలో వెళ్లి బట్టీ గడియ బిగించాడు. "ఉండవే, నిన్నూ కాల్చి బొమ్మని చేస్తా" అంటూ గ్యాస్ తిప్పాడు. రాడ్డు కింద పడేసి జేబులోంచి లైటరు తీశాడు.

బట్టీలో అరలుగా పేర్చే మందపాటి పలక ఒకటి మట్టక్క చేతికందింది. దాన్ని రెండు చేతులా ఎత్తి అతని ముంజేతి మీద వేసింది. ఎముక పుటుక్కుమంది. లైటరు ఎగిరిపడింది. ఆమె గ్యాస్ కట్టేసింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు. రాడ్డు అందుకుని మోకాలి మీద కొట్టింది. పడిపోయాక కూడా కొట్టింది. "వదినా, నీ కాళ్లు మొక్కుతా" అని అతను పాకుతుంటే వెంటపడి కొట్టింది. లోపల మనిషి ఉన్న సంగతే మరిచింది.

"అక్కా, తలుపు తియ్యి! ఊపిరాడట్లేదు!" అని చెల్లెలు బట్టీ తలుపు బాదితేగానీ ఆమె చెయ్యి దిగలేదు.

మరిది బతికాడు, కానీ ఆ కాలు మళ్లీ వంగలేదు. హత్యాయత్నం కింద జైలుకు పోయాడు. మట్టక్క మొదటి దెబ్బ చెల్లెలి ప్రాణం కాపాడటానికేనని, మిగతావి అలా కాదని కోర్టు అంది. ఆమె కూడా కొన్నాళ్లు లోపలుండి వచ్చింది.

వచ్చేసరికి మిగిలిన పామును చెల్లెలు గుడ్డలు కప్పి కాపాడి ఉంచింది. ఐదు తలలు, మూడు మొండాలు. మట్టక్క కొత్తవి అతకలేదు. ఉన్నదున్నట్టే కాల్చి ప్రదర్శనలో పెట్టింది.

"ఆ విరిగిన మెడలు భలే చేశారండీ" అన్నాడొక పెద్దమనిషి.

"అవి మా మరిది చేశాడండీ."

"ఆయనా శిల్పేనా?"

"కాదు, డ్రైవరు."

చెల్లెలు నవ్వలేదు. బస్సులో ఇంటికెళ్తూ, "అక్కా, ఆ రోజు నేను అరవకపోతే వాణ్ణి చంపేసేదానివా?" అని అడిగింది.

"ఆ" అంది మట్టక్క.