మస్కట్ మావయ్యగారి ఇంటావిడ

మస్కట్ మావయ్యగారు ప్రభువునందు నిద్రించారని సోమవారం పొద్దున్న చర్చి మైకులో చెప్పారు. ముందురోజు గేటుకి తగిలించిన పాలక్యాను అలాగే ఉండటం చూసి పాలావిడ కేకలు వేసిందట. కిటికీలోంచి ముందుగదిలో ఆయన పోయి ఉండటం చూసింది గానీ, లోపలికి మాత్రం వెళ్లలేదు. ఆ ఇంట్లోకి ఎవరూ వెళ్లరు. అందుకు నేనే కారణం.

ఆయన మా అమ్మకి దూరపు వరసలో తమ్ముడు. మస్కట్‌లో చాలా ఏళ్లు పనిచేసి, అత్తయ్య పోయాక తిరిగి వచ్చేశారు. పిల్లల్లేరు. సమాధుల దొడ్డిలో అత్తయ్య పక్కనే తన సమాధి కూడా కట్టించుకున్నారు. మా వైపు కొందరు అలా కట్టించుకుంటారు. రాతి మీద పేరు, పుట్టిన తేదీ చెక్కి ఉంటాయి. రెండో తేదీ ఉండాల్సిన చోటు నున్నగా ఉంటుంది. చిన్నప్పుడు ఆ పేరు చదివి తల తిప్పితే, అదే మనిషి గొడుగు పట్టుకుని వెనక నిలబడి ఉండేవారు. హడలిపోయేదాన్ని.

మా ఇంటికొస్తే వసారాలో చివరి కుర్చీలో కూర్చునేవారు. మస్కట్ క్యాంపులో ఎవరో వదిలేసిన ఇంగ్లీషు నవలలు నాకు తెచ్చేవారు. "నాకు అర్థం కావు. నువ్వు చదివి కథ చెప్పు" అనేవారు. నేను నాలుగు మాటల్లో చెప్తే కళ్లు మూసుకుని వినేవారు. అది నా మీద ఇష్టమని నాకు తెలియలేదు. ఇంట్లోవాళ్లకి తెలిసింది.

అప్పటికి నాకు ఇరవై రెండు, ఆయనకి యాభై దాటాయి. నాకు వైజాగ్‌లో ఎం.ఏ. సీటు వచ్చింది. ఇంట్లోవాళ్ల ఆలోచన వేరు: మావయ్యగారితో పెళ్లి, ఆయన కొబ్బరితోట, డాబా ఇల్లు, మా తమ్ముడికి మస్కట్ వీసా.

"ముసలాడేంటే, రాయిలా ఉన్నాడు" అంది అమ్మమ్మ. "సమాధి కూడా కట్టించేసుకున్నాడు. నీకు ఆ ఖర్చు కూడా లేదు."

"ఊరుకోమ్మా, పిల్ల భయపడద్ది" అని అమ్మ నవ్వింది.

ఉంగరం కొలతకి అమ్మ నా వేలికి దారం చుట్టబోతే నా పిడికిలి దానంతటదే బిగుసుకుపోయింది. అమ్మ ఒక్కో వేలూ విప్పదీసింది. మావయ్యగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

ప్రధానం రోజున ఇంటినిండా చుట్టాలు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే మావయ్యగారు లేచారు.

"నిన్న సందేళ మా ఇంటావిడ వచ్చిందండి. గుమ్మంలో కూర్చుంది. ఈ ఇంటికి ఇంకో ఆడమనిషిని తేవద్దంది."

"మీరు దెయ్యాల్ని నమ్ముతారేంటండి?" అన్నారు పాస్టరుగారు.

"నేను నమ్మనండి. ఆవిడ వచ్చిందంతే."

ఆ గొంతులో వణుకు లేదు. అమ్మమ్మ నన్ను లోపలికి లాక్కుపోయింది. "వీసా పోతే పోనీయండే. పిల్ల దక్కితే చాలు."

తర్వాత ఆయన ఇంటికి మనుషులు రావడం మానేశారు. కొబ్బరికాయల దింపు తీసేవాళ్లు పొద్దు వాలకముందే ఆ తోట దాటి వెళ్లిపోయేవారు. ఆయనకి మళ్లీ ఎవరూ సంబంధం చెప్పలేదు.

వైజాగ్ వెళ్లేముందు కాలవగట్టు మీద కనిపిస్తే ధైర్యం చేసి అడిగాను.

"మావయ్యగారూ, అత్తయ్య నిజంగా వచ్చేరా?"

"ఆయ్, వచ్చింది. వద్దని మాత్రం అనలేదు. 'పిల్లని అడిగేరా?' అంది. మనమెవరం అడగలేదు కదమ్మా."

"మీకే ఇష్టం లేదని చెప్పేస్తే సరిపోయేది కదండీ?"

"అది అబద్ధం కదా. పైగా నేను వద్దంటే ఊరు నీకు వంక పెడద్ది. పోయినావిడ వద్దంటే ఎవరికి పెడతారు?"

నన్ను ఆయన అమ్మా అనడం అదే మొదలు.

ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఎవరినైనా ఏదైనా చేయమనేముందు వాళ్లని అడుగుతాను. ఆ అలవాటు ఆయనదో, అత్తయ్యదో తెలియదు.

మంగళవారం సాయంత్రం సమాధి చేశాక అందరూ కాలవలో కాళ్లు కడుక్కుని ఇళ్లకి మళ్లారు. పెట్టె మోసినవాళ్లు కూడా ముందుగది దాటి లోపలికి పోలేదు. నేను వెళ్లాను. ఎవరో ఒకరు వెళ్లాలి కదా.

గదులు శుభ్రంగా ఉన్నాయి. వెనక దొడ్లో దండెం మీద అత్తయ్య ఆకుపచ్చ నేతచీర ఆరేసి ఉంది. ఆ వారమంతా వాన లేదు. చీర అంచు నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా పడుతున్నాయి.

నాకు భయం వేయలేదు. వాలుతున్న ఎండ దండెం అవతలి కొసన కొంచెం మిగిలి ఉంది. చీరని మెల్లగా అటు జరిపాను. నేల మీద తడి గీత నా వెంటే వచ్చింది.