నేను తిట్టినప్పుడల్లా పోయిన సిగ్నల్

సర్వే ఉద్యోగంలో నన్ను మొదటిసారి ఒక్కదాన్నే పంపిన రోజది. బిలాస్‌పూర్‌లో తిఫ్రా అనే పేటలో, రైల్వేలో రిటైరైన ఓ తెలుగు అంకుల్ స్థలానికి హద్దులు పెట్టాలి. గోడ కట్టడానికి మేస్త్రీలు కాచుకున్నారు. శాటిలైట్ కొలత పక్కాగా రావాలంటే సర్వే కోసం అక్కడక్కడా పెట్టిన స్టేషన్ల డేటా నా ఫోన్ నెట్ మీదుగా కొలిచే మిషన్‌కి అందాలి. అది ఆగి ఆగి వచ్చింది! వెంటనే ఆ డేటా ఇచ్చేవాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి దులిపేశాను. తిట్టినంతసేపూ పూర్తిగా పోయింది; పెట్టేయగానే డేటా వచ్చింది, కాసేపటికి మళ్లీ తడబడింది. మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి డేటా అసలు కదల్లేదు.

"ఏటమ్మా, కొలతకొచ్చావా, దెబ్బలాటకొచ్చావా?" అన్నారు అంకుల్.

స్పీకర్‌లో హెల్ప్‌లైన్ అబ్బాయి హిందీలో మెల్లగా చెప్పాడు. "మేడమ్‌జీ, మీ ఫోన్‌లో కాల్ నడిస్తే నెట్ ఆగిపోతోంది. మమ్మల్ని తిట్టడం ఆపితే డేటా వచ్చేస్తుంది."

మేస్త్రీలు పగలబడి నవ్వారు. ఫోన్ పెట్టేశాను. డేటా అంది మిషన్ స్క్రీన్ పచ్చబడింది!

చివరి మూల కొలుస్తుంటే మా ఆఫీసు సార్ ఫోన్.

"అరే, ఎత్తకమ్మా! నా గోడ పక్కోడి స్థలంలోకి పోద్ది!" అని అంకుల్ అరిచారు.

సార్ కాల్ కట్ చేశాను. హద్దు రాయి నాటాక నేనే ఫోన్ చేస్తే, కట్ చేసినందుకు సార్ తిడుతుంటే నవ్వు ఆపుకోలేకపోయాను. ఇప్పుడు కోపమొస్తే ఫోన్ తీసే ముందు మిషన్ వైపు చూసుకుంటాను.